“బుద్ధిగా ఉంటే అమ్మ వచ్చేస్తుందా?”

పేరు, ఊరు రాయొద్దని కోరుతూ కోనసీమ నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం పంపారు. దాని సారాంశం ఇది.

ఎనిమిది నెలల క్రితం, జూన్ చివర్లో, ఆమె చెల్లెలు రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. కొడుకుని ట్యూషన్ నుంచి స్కూటీ మీద తీసుకొస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. స్కూటీ ముందు నిలబడ్డ పిల్లాడు పక్కనున్న ఇసుక గుట్ట మీద పడ్డాడు. మోచేయి గీరుకుపోయిందంతే. 108 వచ్చేదాకా తల్లి పక్కనే కూర్చున్నాడు. ఆమె ఆ రాత్రి ఆసుపత్రిలో పోయింది. తండ్రి కువైట్‌లో పని చేస్తాడు. వచ్చి కార్యక్రమాలు జరిపించి, నెల తిరక్కుండానే మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. అప్పటినుంచి పిల్లాడు ఈ పెద్దమ్మ దగ్గరే ఉంటున్నాడు. ఇప్పుడు వాడికి ఏడేళ్లు, రెండో తరగతి.

చావు జరిగిన ఇంట్లో పిల్లాడు ఉండకూడదని పదకొండు రోజులూ పక్కింట్లో ఉంచారు. అమ్మ ఏదని అడిగితే మొదట హాస్పిటల్లో ఉందన్నారు, తర్వాత దేవుడి దగ్గరికి వెళ్లిందన్నారు. “నువ్వు బుద్ధిగా ఉండి బాగా చదువుకుంటే దసరాకి వచ్చేస్తుంది” అని అమ్మమ్మ చెప్పింది. మొదటి మూడు నెలలూ వాడు అందరూ ఆశ్చర్యపోయేంత బాగున్నాడు. ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎవరూ చెప్పకుండానే హోంవర్కు చేసేవాడు, క్లాసులో ఫస్టు వచ్చాడు. చిన్నపిల్లాడు కదా, మర్చిపోయాడులే అనుకున్నారు.

దసరా సెలవుల తర్వాత అంతా తారుమారైంది. వారంలో నాలుగైదు రోజులు పక్క తడుపుతున్నాడు. నోటుబుక్కులు చింపుతున్నాడు, తోటి పిల్లల్ని కొరుకుతున్నాడు. లారీ హారన్ వినబడితే ఎక్కడున్నా చెవులు మూసుకుని కింద కూర్చుండిపోతాడు. బండి ఎక్కడు. ఆమె రోజూ కిలోమీటరు నడిపించి స్కూల్లో దింపుతోంది. “భయం పోవాలంటే ఎక్కించాల్సిందే” అని వాళ్ల పెదనాన్న ఒకసారి బలవంతంగా కూర్చోబెడితే చెయ్యి కొరికాడు, ఆయన రెండు తగిలించాడు. రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని ప్లాస్టిక్ లారీతో ఒక బొమ్మని గుద్దించి, “అమ్మా లే, అమ్మా లే” అంటూ ఆడతాడు. ప్రతిసారీ అదే ఆట. ఒక తెల్లవారుజామున పక్క తడిపాడని విసుగొచ్చి ఆమే చెంప మీద కొట్టింది. వాడు ఏడవలేదు. తడిసిన దుప్పటి తనే మడత పెడుతూ “సారీ పెద్దమ్మా” అన్నాడు. ఆ మాట చెవిలోంచి పోవడం లేదని రాసింది. ఈ మధ్య ఆమె పదకొండేళ్ల కూతురితో వాడు, “ఆ రోజు నేను పానీపూరి అడక్కపోతే ఇంటికి తొందరగా వచ్చేసేవాళ్లం అక్కా” అన్నాడట.

ఆమె అడుగుతున్నవి: నిజం ఇప్పుడు చెప్పాలా? జూన్‌లో హాస్టల్లో వేద్దామని మరిది అంటున్నాడు, పంపాలా? అదే నెలలో సంవత్సరీకం వస్తోంది, పిల్లాణ్ని కూర్చోబెట్టాలా, దూరంగా ఉంచాలా? పిల్లాడి అమ్మమ్మ దిష్టి తీయిస్తోంది, తాయత్తు కట్టించింది, డాక్టరంటే వద్దంటోంది, పిచ్చి అని ముద్ర పడుతుందని ఆవిడ భయం. చివరి పేజీలో ఇంకో మాట: “వాడు రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని చెల్లి ఫోన్‌లో దాని గొంతు వింటున్నాడు. నాకు భరించశక్యం కాక ఆ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను. తప్పు చేశానా?”

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆరు పేజీల్లో పిల్లాడి గురించి, మరిది గురించి, అమ్మ గురించి, స్కూలు గురించి రాశారు. మీ దుఃఖం గురించి రాసింది ఒకే ఒక్క వాక్యం, అదీ ఫోన్ దగ్గర: నాకు భరించశక్యం కాలేదు. చనిపోయింది మీ చెల్లెలు. మీ చేతుల్లో పెరిగిన పిల్ల అయ్యుంటుంది. ఆ దుఃఖానికి ఇంట్లో ఎక్కడా చోటు లేకుండా పోయింది. ఈ సంగతికి మళ్లీ వస్తాను. ఎందుకంటే పిల్లాడి కష్టానికీ దీనికీ గట్టి ముడి ఉంది.

ముందు దసరా సంగతి. పిల్లాడు మూడు నెలలు బాగుండి తర్వాత చెడిపోయాడని మీరు రాశారు. నాకు వేరేగా కనిపిస్తోంది. ఆ మూడు నెలలూ వాడు బాగుండలేదు, కష్టపడ్డాడు. బుద్ధిగా ఉంటే అమ్మ దసరాకి వస్తుందన్నారు. వాడు ఆ మాట నమ్మాడు. ఏడవలేదు, అల్లరి చేయలేదు, ఫస్టు వచ్చాడు. ఆరేళ్ల పిల్లాడు తన వంతు పని తు.చ. తప్పకుండా చేశాడు. దసరా వచ్చింది, సెలవులు అయిపోయాయి, అమ్మ రాలేదు. అప్పుడు వాడికి రెండే దారులు కనబడి ఉంటాయి. పెద్దవాళ్లు అబద్ధం చెప్పారని అనుకోవాలి, లేదా తన బుద్ధి చాలలేదని అనుకోవాలి. ఆ వయసు పిల్లలు తొంభై తొమ్మిది పాళ్లు రెండోదే అనుకుంటారు. పెద్దవాళ్లు అబద్ధమాడతారని నమ్మితే ఇక వాడికి నిలబడటానికి నేల ఉండదు. తప్పు తనదే అనుకోవడం దానికంటే నయం. పానీపూరి మాట కూడా అక్కణ్నుంచే వచ్చింది.

మీ అమ్మగారిని ఇందులో తప్పుపట్టడం లేదు. కడుపుకోతలో ఉన్న తల్లి, ఎదురుగా మనవడు, నోటికి ఏ ఓదార్పు మాట వస్తే అది అనేసింది. కానీ ఆ మాట ఇంకా వాడి నెత్తి మీద ఉంది. దాన్ని దించాలి.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా అభిప్రాయం దాచకుండా చెబుతాను: నిజం చెప్పండి. “ఇన్నాళ్లూ తెలియని పిల్లాడి గుండె ఇప్పుడు పగలగొట్టాలా” అని మీరు అడిగారు. వాడికి తెలియదని మీరనుకుంటున్నారు, అంతే. వాడి ఆట చూడండి. లారీ గుద్దుతుంది, బొమ్మ పడిపోతుంది, “అమ్మా లే” అంటాడు, బొమ్మ లేవదు. 108 వచ్చేదాకా ఆ పక్కనే కూర్చున్నది వాడు. మీకంటే, నాకంటే వాడికే ఎక్కువ తెలుసు. ఆ తెలిసిందాన్ని పైకి అనడానికి మాత్రం వాడికి మనిషి దొరకలేదు. ఐదేళ్ల లోపు పిల్లలకు చావంటే మళ్లీ రాకపోవడమని సరిగ్గా అర్థం కాదు. ఐదూ ఏడూ మధ్యలో చాలామందికి అర్థం కావడం మొదలవుతుంది. మీవాడు సరిగ్గా ఆ గుమ్మం మీద ఉన్నాడు.

చెప్పకుండా ఇంకొన్నాళ్లు లాగొచ్చు, అదీ ఒక దారే. కానీ స్కూల్లో ఎవడో ఒకడు “మీ అమ్మ చచ్చిపోయిందంట కదరా” అంటాడు. అప్పుడు వాడికి రెండు దెబ్బలు: అమ్మ లేదన్నది ఒకటి, ఇంట్లో అందరికీ తెలిసీ తనకు చెప్పలేదన్నది ఇంకొకటి. రెండోది పదిహేనేళ్లొచ్చినా మానదు. మీ మరిది వచ్చేదాకా ఆగి ఆయన చేత చెప్పించొచ్చు. తండ్రి నోటి నుంచి వినడం మంచిదే, కానీ ఆయన రావడానికి ఇంకా నెలలు పట్టేట్టయితే ఆగొద్దు. మీరు చెప్పండి, ఆ రోజు ఆయన్ని వీడియో కాల్‌లో ఉండమనండి. లేదా కౌన్సెలర్ దగ్గర, వాళ్ల సాయంతో చెప్పండి. చెబుతున్నప్పుడు మీకు మాట పెగలదని భయంగా ఉంటే ఈ మూడో దారి మంచిది.

ఎలా చెప్పాలి? రాత్రి పడుకునే ముందు వద్దు. సెలవు రోజు పొద్దున్న, వాడి కడుపు నిండాక, మీకు తొందర పనులేమీ లేనప్పుడు. ముందు వాడినే అడగండి: “అమ్మకి ఏమైందని నువ్వనుకుంటున్నావు నాన్నా?” వాడు చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో సరిచేయొద్దు. తర్వాత ఇలాంటి మాటలు: “అమ్మ చనిపోయింది నాన్నా. లారీ గుద్దినప్పుడు లోపల పెద్ద దెబ్బ తగిలింది. డాక్టర్లు చాలా ప్రయత్నించారు, బాగు చేయలేకపోయారు. చనిపోవడమంటే ఒళ్లు పని చేయడం ఆగిపోవడం. ఊపిరి ఉండదు, నొప్పి తెలీదు, ఆకలి వేయదు. చనిపోయినవాళ్లు మళ్లీ రారు. నువ్వు బుద్ధిగా ఉన్నా అంతే, అల్లరి చేసినా అంతే. దసరాకి వస్తుందని మేం చెప్పింది నిజం కాదు. నువ్వు బాధపడతావని అలా చెప్పాం. అది మా తప్పు, నీది కాదు.” మీ యాసలో, మీ ఇంటి మాటల్లో చెప్పండి. దేవుడి దగ్గర ఉందని మీరు నమ్మితే అది కూడా చెప్పండి, కానీ చనిపోయిందన్న మాట చెప్పాకే. “నిద్రపోయింది” అనొద్దు, రాత్రి కళ్లు మూయడానికి భయపడతాడు. “మంచివాళ్లని దేవుడు తొందరగా తీసుకెళ్తాడు” అని కూడా అనొద్దు. ఇప్పటికే మంచితనం మీద పెట్టిన పందెంలో ఓడిపోయిన పిల్లాడు వాడు.

చెప్పాక వాడు గుక్కపట్టి ఏడవొచ్చు. లేదా రెండు నిమిషాలు విని “సైకిల్ తొక్కుకోనా?” అనొచ్చు. రెండూ మామూలే. పిల్లలు దుఃఖంలోకి దిగి మళ్లీ బయటికొచ్చి ఆడుకుంటారు, మళ్లీ దిగుతారు. అదే ప్రశ్న పది రోజుల్లో ఇరవైసార్లు అడగొచ్చు. ఇరవైసార్లూ అదే జవాబు చెప్పాలి. మాట మారనంతకాలం వాడికి కాళ్ల కింద నేల ఉంటుంది. నాలుగు రోజులు అల్లరి, పక్క తడపడం ఎక్కువ కావొచ్చు. అనవసరంగా చెప్పామని కంగారు పడొద్దు.

అమ్మమ్మ కూడా ఆ గదిలో ఉంటే మంచిది, ఆవిడకి ఇష్టమైతేనే. “నేనే తప్పు చెప్పాను రా” అని ఆవిడ ఒక్క మాట అనగలిగితే మనం చెప్పే వంద మాటల పెట్టు. అనలేకపోతే బలవంతం చేయకండి. ఇక మీదట ఎదురుమాట చెప్పకుండా ఉంటే చాలు.

పానీపూరి విషయంలో ఒక జాగ్రత్త. అది వినగానే మనకి “అయ్యో, అలాంటిదేం లేదు, నీ తప్పేం లేదు” అనేయాలనిపిస్తుంది. అలా వెంటనే మూత పెడితే, ఈ మాట పెద్దవాళ్లతో అనకూడదు కాబోలు అని లోపలే దాచుకుంటాడు. ముందు చెప్పనివ్వండి. ఏ బండి దగ్గర ఆగారు, అమ్మ కూడా తిందా, కారంగా ఉందా అని అడగండి. అది వాళ్లమ్మతో వాడు గడిపిన ఆఖరి సంతోషం కదా! వాడు ఆ సాయంత్రాన్ని నేరంలా మోస్తున్నాడు. తర్వాత నెమ్మదిగా: “రోజూ ఎంతోమంది పిల్లలు పానీపూరి అడుగుతారు, అమ్మలు కొనిపెడతారు, ఇంటికొస్తారు. పానీపూరి వల్ల ఎవరికీ ఏమీ కాదు. లారీ నడిపినాయన చూసుకోకుండా గుద్దాడు. గుద్దింది లారీ.” ఇది కూడా ఒక్కసారితో పోదు.

ఇప్పుడు హారన్, పక్క తడపడం. ఈ రెండూ మొండితనం వల్ల వచ్చినవి కావు. మన మెదడులో బాదం గింజంత భాగం ఒకటి ఉంటుంది, అమిగ్డలా అంటారు. ప్రమాదం వస్తోందని అలారం మోగించడం దాని పని. ఇంత పెద్ద దెబ్బ తిన్నాక ఆ అలారం చిన్న చప్పుడుకే మోగుతుంది. లారీ హారన్ వినగానే వాడి ఒంటికి మళ్లీ ఆ సాయంత్రమే. ఆ క్షణంలో “ఏం కాదు, లే” అని రెక్క పట్టి లాగితే వినపడదు. మీరూ పక్కన కింద కూర్చోండి. “హారన్ గట్టిగా మోగింది కదా. అది వెళ్లిపోయింది. మనం స్కూలు దారిలో ఉన్నాం. నా చెయ్యి పట్టుకో” అనండి. కాళ్లు నేలకి గట్టిగా ఆనించమనండి, వేడి పాలు ఊదినట్టు మెల్లగా గాలి వదలమనండి, చుట్టూ కనిపిస్తున్న మూడు వస్తువుల పేర్లు చెప్పమనండి. ఇంట్లో నెమ్మదిగా ఉన్నప్పుడు ఇది ఆటలా నేర్పిస్తే రోడ్డు మీద అక్కరకొస్తుంది.

బండి సంగతిలో మీ ఆయన అన్నదాంట్లో ఒక ముక్క నిజం ఉంది. భయపడేదాన్ని ఎప్పటికీ తప్పించుకుంటూ పోతే భయం పెరుగుతుంది. కానీ ఎక్కించడం మెట్టు మెట్టుగా జరగాలి, అదీ వాడి ఒప్పుదలతో. వాకిట్లో ఆగి ఉన్న బండిని తుడవడం, దాని మీద ఊరికే కూర్చోవడం, ఇంజిన్ ఆన్ చేసి దిగిపోవడం, సందు చివరిదాకా వెళ్లి రావడం. ఒక్కో మెట్టుకి వారాలు పట్టొచ్చు. ఏ మెట్టు మీదైనా “చాలు” అంటే ఆగిపోవాలి. ఆ సాయంత్రం వాడి చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు ఆపమంటే ఆగే మనిషి ఉండటమే వాడికి మందు. ఈ పని పెదనాన్నే చేస్తే ఇంకా మంచిది. కొట్టినందుకు క్షమాపణ కూడా అందులోనే చేరుతుంది.

పక్క తడిపే పిల్లాణ్ని ముందు పిల్లల డాక్టరుకి చూపించి మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి. మలబద్ధకం ఉందేమో కూడా అడుగుతారు. అవేవీ కాకపోతే, అది నిద్రలో వాడి అదుపులో లేని పని. ఇలాంటి పిల్లల్ని దానికోసం శిక్షించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో కూడా చెప్పింది. పరుపు మీద రబ్బరు షీటు వేయండి, పక్కన పొడి నిక్కరు, పొడి దుప్పటి పెట్టండి. తెల్లారి ఎవరూ దాని ఊసెత్తొద్దు. దుప్పటి మడత మాత్రం వాడితో పెట్టించకండి.

మీరు కొట్టిన దెబ్బ గురించి. వాడు “సారీ పెద్దమ్మా” అన్నది మిమ్మల్ని కోస్తోందంటే, అందులో ఉన్నదేంటో మీకు తెలిసిపోయింది. ఈ ఇంట్లో నన్ను ఉంచుకుంటారా అని వాడు అడుగుతున్నాడు. దానికి జవాబు ఇంకా చెప్పలేదు మీరు. ఇప్పుడైనా చెప్పొచ్చు: “ఆ రోజు నిన్ను కొట్టాను. నాకు అలసటగా ఉంది, కానీ కొట్టడం తప్పు. నువ్వు పక్క తడిపినా, పుస్తకాలు చింపినా నువ్వు మా ఇంటి పిల్లాడివే.” ఒక్కసారి తప్పు జరిగిందని పిల్లలు చెడిపోరు. ఆ తప్పు గురించి ఎవరూ మాట్లాడకపోతేనే వాళ్ల లోపల పేరుకుపోతుంది.

ఆ ఆట చూసి మీకు ఒళ్లు జలదరిస్తోందని రాశారు, లారీ బొమ్మ దాచేయాలా అని అడిగారు. దాచకండి. 1976లో అమెరికాలోని చౌచిల్లా అనే ఊళ్లో స్కూలు బస్సుతో సహా 26 మంది పిల్లల్ని ఎత్తుకెళ్లి, ఒక క్వారీలో పూడ్చిపెట్టిన వ్యాన్‌లో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు, జరిగినదాన్నే వాళ్లు మళ్లీ మళ్లీ ఆటగా ఆడటం చూసి రాశారు. ఆ ఆటలో సరదా ఉండదు, అదే చోట తిరుగుతుంటుంది. మీవాడిదీ అలాగే “అమ్మా లే” దగ్గర ఆగిపోయింది. మీరు పక్కన కూర్చుని చూడండి. కొన్నాళ్లు ఊరికే చూస్తే చాలు. తర్వాత ఎప్పుడైనా చిన్న తెల్ల కారొకటి తెచ్చి “ఇది 108. ఎప్పుడొచ్చింది?” అని అడగండి. “పక్కన కూర్చున్న బాబుకి అప్పుడెలా ఉంది? వాడి దగ్గరికి ఎవరొచ్చారు?” ఆట ఒక్క అడుగు ముందుకు కదిలితే చాలు. వాడు ఇంకా బిగుసుకుపోతుంటే వెంటనే వదిలేయండి, అది కౌన్సెలర్ చేయాల్సిన పని.

కౌన్సెలర్ మాట వచ్చింది కాబట్టి. ఇలాంటివి జరిగాక మొదటి నెల రోజులు పిల్లలు ఎలా ఉన్నా మరీ కంగారు పడనక్కర్లేదు, చాలామంది ఇంటి ఆదరణతోనే తేరుకుంటారు. నెల దాటినా తగ్గకపోతే చూపించాలి. మీవాడికి ఎనిమిది నెలలు. వీడిది పిచ్చి కాదు, తగిలిన దెబ్బ మానక సలుపుతోంది. చెయ్యి విరిగితే కట్టు కట్టించం? పిల్లలకు ఇందులో బాగా పనిచేస్తుందని తేలిన పద్ధతి మాటలతో, బొమ్మలతో చేసే చికిత్స, ట్రామా ఫోకస్డ్ సీబీటీ అంటారు. మామూలుగా 12 నుంచి 16 వారాలు, వారానికో గంట. పెంచుతున్న పెద్దవాళ్లు కూడా అందులో పాల్గొనాలి. వెళ్లగానే ప్రమాదం గురించి గుచ్చి గుచ్చి అడగరు. ముందు భయాన్ని అదుపు చేసుకోవడం నేర్పి, తర్వాత కొంచెం కొంచెంగా జరిగింది చెప్పిస్తారు. మీకు దగ్గర్లో కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎక్కడికెళ్లాలో తేల్చుకోలేకపోతే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేయొద్దు.

తాయత్తు గురించి అమ్మతో గొడవ పెట్టుకోకండి. మనవడి చేతికి తాడు కట్టడం ఆవిడ చేయగలిగిన పని, ఆవిడ దుఃఖం అలా బయటికొస్తోంది. తాయత్తూ ఉండనివ్వండి, డాక్టరూ ఉండనివ్వండి. దెయ్యం పట్టిందనడం, భయపెట్టడం, కొట్టించడం వరకూ వెళ్తే మాత్రం అక్కడ గీత గీయండి.

హాస్టల్ గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది, అయినా మూడు దారులూ చెబుతాను. జూన్‌లో పంపితే మీకు ఊపిరాడుతుంది, మీ మరిదికి చదువు బెంగ తీరుతుంది. కానీ అమ్మ పోయి ఏడాది నిండే నెలలోనే రెండో ఇల్లు కూడా పోతుంది. బుద్ధిగా లేనందుకే పంపేశారని వాడు తప్పకుండా అనుకుంటాడు. పక్క తడిపే పిల్లాడికి హాస్టల్ గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అనే ఇద్దరు పిల్లల మనోవిశ్లేషకులు ఆ నగరంలోని హాంప్‌స్టెడ్‌లో పిల్లల సంరక్షణ కేంద్రాలు నడిపారు. బాంబుల కంటే, క్షేమం కోసమని తల్లి నుంచి విడదీసి పంపడమే పిల్లల్ని ఎక్కువగా కుంగదీసిందని వాళ్లు చూశారు. రెండో దారి: కనీసం ఒకటి రెండేళ్లు మీ దగ్గరే ఉంచి, వాడు తేరుకున్నాక మళ్లీ ఆలోచించడం. ఇందులో భారం మీ మీద పడుతుంది. కాబట్టి ఖర్చు, చాకిరీ, బాధ్యత మీ ఆయనతో, మరిదితో ముందే తేటగా మాట్లాడుకోవాలి. మొహమాటపడి లోలోపల విసుక్కుంటే ఆ విసుగు వాడికి తగులుతుంది. మూడోది, మీ మరిది తిరిగి రావడం. అప్పులుంటే ఇప్పుడే కుదరకపోవచ్చు. కుదిరితే దానికి సాటి లేదు. వచ్చేదాకా వారంలో ఫలానా రోజు, ఫలానా టైముకి వీడియో కాల్ చేయమనండి, “బాగా చదువుతున్నావా” అన్న ప్రశ్న మాత్రం కొన్నాళ్లు ఆపమనండి. వాళ్లమ్మ చిన్నప్పటి ముచ్చట్లు, పెళ్లి ముచ్చట్లు చెప్పమనండి.

సంవత్సరీకానికి వాడిని దూరంగా ఉంచొద్దు. కిందటిసారి పదకొండు రోజులు పక్కింటి గోడ వెనక నుంచి ఇంట్లో ఏడుపులు విన్నాడు. ఈసారి నెల ముందే చెప్పండి: ఎవరొస్తారు, పంతులుగారు ఏం చేయిస్తారు, పిండాలంటే ఏంటి, పెద్దవాళ్లు ఏడుస్తారని కూడా. తర్వాత వాడినే అడగండి. నాన్న పక్కన కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. వద్దంటే అమ్మ ఫోటోకి దండ వేయడమో, అమ్మకిష్టమైన కూర పేరు చెప్పడమో వాడి పని. మధ్యలో లేచి వెళ్లిపోతానంటే వెంట వెళ్లడానికి ఒక మనిషిని ముందే అనుకోండి.

స్కూల్లో టీచరుకి నిజం చెప్పండి, మిగతా పిల్లల ముందు జాలి చూపించొద్దని కూడా. “మా అమ్మ” మీద ఐదు వాక్యాలు రాయమనే పాఠాలు ఈ క్లాసుల్లో ఉంటాయి. వాడు చింపిన పేజీల్లో ఏమున్నాయో ఎప్పుడైనా తీసి చూశారా?

మీ అమ్మాయిని కూడా మర్చిపోకండి. పిన్ని పోయిన దుఃఖం దానికీ ఉంది, ఇప్పుడు అమ్మని పంచుకోవాల్సి వస్తోంది. పైగా తమ్ముడి రహస్యాలు మోస్తోంది. పానీపూరి మాట మీకు చెప్పినందుకు దాన్ని మెచ్చుకోండి, వారంలో ఓ గంట దానికొక్కదానికే కేటాయించండి.

ఇక ఫోన్. మీరు తప్పు చేశారా అని అడిగారు. చెల్లెలి గొంతు హఠాత్తుగా చీకట్లో వినపడితే ఏ అక్క తట్టుకుంటుంది? కానీ ఒకటి చూడండి. వాడు దుప్పటి కప్పుకుని వింటున్నాడు. ఎందుకు కప్పుకున్నాడు? ఆ గొంతు వింటే మీ మొహం ఎలా మారుతుందో వాడు చూశాడు. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఏడవనిది వాడొక్కడే కాదు, వాడి ముందు మీరూ ఏడవలేదు. వాడు మిమ్మల్ని కాపాడుతున్నాడు, మీరు వాడిని కాపాడుతున్నారు. మీరు మీ దుఃఖాన్ని వాడికి కాస్త కనబడనిస్తేనే వాడిది బయటికొస్తుంది. గుండెలు బాదుకుని కూలిపోమనడం లేదు. కళ్లు తుడుచుకుంటూ “నాకూ మీ అమ్మ గుర్తొస్తోంది రా” అనడం, కాసేపటికి లేచి అన్నం వండటం. ఏడ్చినా మనుషులు విరిగిపోరని వాడు మిమ్మల్ని చూసే నేర్చుకోవాలి. దానికి ముందు మీకు ఏడవడానికి ఒక మనిషి కావాలి. మీ ఆయనో, చెల్లెలి స్నేహితురాలో, 14416లో మాట్లాడేవాళ్లో, ఎవరైనా సరే. పిల్లాడి కోసం అని కాదు, మీ కోసమే.

ఆ ఫోన్ బీరువాలోంచి తీసి చార్జింగ్ పెట్టండి. వాయిస్ మెసేజ్‌లు, ఫోటోలు, వీడియోలు అన్నీ తెలిసినవాళ్ల చేత పెన్‌డ్రైవ్‌లోకీ, మీ ఫోన్‌లోకీ కాపీ చేయించండి. పాత ఫోన్ ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు, రీచార్జి లేక నంబరు కూడా పోవచ్చు. తర్వాత ఒక సాయంత్రం వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, “ఫోన్ దాచేసింది నేనే. నాకు ఏడుపొచ్చి దాచాను. నీకిష్టమైన మెసేజ్ ఏదో నాకు కూడా వినిపిస్తావా?” అని అడగండి.